పాత సినిమాలు స్నేహితులతో మళ్ళీ చూడాలంటే: రోజుకు ఒక్కటి చాలు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు అయిదుగురు పాత స్నేహితులు. నాలుగు రోజుల సెలవులు. చదువుకునే రోజుల్లో కలిసి చూసి, డైలాగులతో సహా కంఠతా వచ్చేసిన సినిమాలను మళ్ళీ ఒకచోట కూర్చుని చూడాలని కోరిక. పోయినసారి ఎనిమిది సినిమాల జాబితా వేసుకుంటే, రెండోదానికే ఇద్దరు ఫోన్లలో పడ్డారు, ఒకరు కునుకు తీశారు, మూడోదాని ఊసు ఎవరూ ఎత్తలేదు. "మేం మారిపోయామా, ఆ సినిమాలే పాతబడిపోయాయా? ఈసారి ఎలా చేస్తే బాగుంటుంది? ఫోన్లను ఏం చేయాలి?" అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీరూ బాగానే ఉన్నారు, ఆ సినిమాలూ బాగానే ఉన్నాయి. లెక్కే తప్పింది. రోజుకు ఒక్క సినిమా. దాన్ని ఎంచుకునేది ఒక్క మనిషి. సినిమా అయ్యాక కనీసం ఒక గంట ఖాళీ. ఈ మూడూ కుదిరితే మిగతావన్నీ చిన్న విషయాలే. మూడింటిలో ఒక్కటే కుదురుతుందంటే ఆ చివరి గంటను మాత్రం వదులుకోకండి.

నేను చాలా ఏళ్ళు ఒక చిన్న ఫిల్మ్ సొసైటీలో ప్రదర్శనలు చూసుకున్నాను. అది కాక, పందొమ్మిదేళ్ళుగా ఏటా సెలవుల్లో మేం ఆరుగురు స్నేహితులం కలిసి పాత సినిమాలు మళ్ళీ చూస్తున్నాం. మొదటి ఏడాది మేమూ అచ్చం మీలాగే చేశాం. పొద్దున పదింటికి మొదలుపెట్టి అర్ధరాత్రి లోపల నాలుగు చూసేయాలని పట్టుబట్టి కూర్చున్నాం. మూడో సినిమాలో ఒకడు గోడకు ఆనుకుని నిద్రపోయాడు. ఇంకొకడు "ఇది నాకు ముందే తెలుసు" అంటూ రిమోట్ తీసుకుని ముందుకు జరపడం మొదలుపెట్టాడు. ఆ రోజు చూసిన వాటిలో మొదటి సినిమా ఒక్కటే ఇప్పటికీ గుర్తుంది. మిగతావి ఒకదాని మీద ఒకటి పడి నలిగిపోయాయి.

ఒక్కటే ఎందుకంటే

మొదటిసారి చూస్తున్నప్పుడు మనల్ని కథ లాక్కెళుతుంది. తర్వాత ఏమవుతుందో అన్న ఆత్రంలో మిగతావన్నీ జారిపోతాయి. రెండోసారికి ఆ ఆత్రం ఉండదు కాబట్టి కళ్ళకు తీరిక దొరుకుతుంది. వెనక నిలబడ్డ మనిషి ముఖం, గోడ మీది నీడ, మాటకీ మాటకీ మధ్య ఆగిన క్షణం అప్పుడు కనబడతాయి. పాత సినిమా మళ్ళీ చూడటంలో ఉన్న సుఖమంతా ఇదే. అయితే ఇలా చూడటానికి మనసు పెట్టాలి, మనసు పెడితే అలుపొస్తుంది. వెంటనే ఇంకో సినిమా పెట్టేస్తే అప్పటిదాకా కంటికి చిక్కినవన్నీ చెదిరిపోతాయి.

ఒక ఉదాహరణ చెప్తాను. 'మాయాబజార్' (1957) మీలో అందరూ ఎన్నోసార్లు చూసే ఉంటారు. ఈసారి చూసేటప్పుడు శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని తెలిసిన ఘట్టాల్లో సావిత్రిని మాత్రమే చూడండి. ఆ భుజాల విసురులో, కనుబొమ్మ ఎగరేయడంలో, అడుగు వేసే తీరులో ఎస్వీ రంగారావు ఎక్కడెక్కడ తొంగిచూస్తాడో పట్టుకోండి. ఆడపిల్లలా నటిస్తున్న రాక్షసుణ్ణి ఒక ఆడపిల్ల నటిస్తోంది. మొదటిసారి నవ్వుకుని ఊరుకున్న చోట, అయిదోసారి చూస్తున్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఆ సినిమా అయ్యాక మా వాళ్ళలో ఒకామె మెల్లగా అడిగింది, "ఇంతకీ పాండవులు ఎక్కడైనా కనిపించారా?" అని. అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. కథ మొత్తం వాళ్ళ ఇంటి పెళ్ళి గురించే, వాళ్ళు మాత్రం తెర మీదికి రానే రారు. అన్నిసార్లు చూసినవాళ్ళం, మాకు అది తట్టనే లేదు. ఆ ఒక్క ప్రశ్న మీద నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. ఆ వెంటనే రెండో సినిమా పెట్టేసి ఉంటే ఆ ప్రశ్న ఆమె నోట్లోనే ఉండిపోయేది.

వేరే దేశపు సినిమా కావాలంటే సిడ్నీ లూమెట్ తీసిన 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' (అదీ 1957దే, 96 నిమిషాలు) పెట్టుకోండి. దాదాపు సినిమా అంతా ఒకే గది. మొదటి భాగంలో కెమెరా కంటి మట్టానికి కాస్త పైన ఉంటుంది, మధ్యలో కంటి మట్టానికి దిగుతుంది, చివరికి ఇంకా కిందికి వచ్చి పైకప్పు కనబడేలా చూస్తుంది. లెన్సులు కూడా పోనుపోను మారి గోడలు దగ్గరకు జరుగుతున్నట్టు చేస్తాయి. ఇదంతా కావాలనే చేశానని దర్శకుడే చెప్పాడు. మొదటిసారి చూసినవాళ్ళకు ఊపిరాడనట్టు అనిపిస్తుంది గానీ ఎందుకో తెలియదు. ఎందుకో తెలిసి చూసేది రెండోసారే.

"కథ తెలిశాక మజా ఏముంటుంది" అని మీ వాళ్ళలో ఎవరో ఒకరు అంటారు. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగోలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు కొంతమందికి కథలు ఇచ్చి, కొన్నిటి ముగింపు ముందే చెప్పేశారు. ముగింపు ముందే తెలిసినవాళ్ళే మొత్తం మీద కథను ఎక్కువ ఆనందించారు. అవి చిన్న కథలే, సినిమాలు కావు. కాబట్టి దాన్ని మరీ సాగదీయను. కానీ నేను ఇన్నేళ్ళుగా చూస్తున్నదీ అదే.

కలిసి చూస్తే ఏది పెరుగుతుంది

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కలిసి చూడటం అన్నిటినీ మంచిగా మార్చేయదు. 2014లో యేల్ విశ్వవిద్యాలయంలో బూత్‌బీ, క్లార్క్, బార్గ్ అనేవాళ్ళు ఒక ప్రయోగం చేశారు. ఇద్దరు మనుషులు మాటల్లేకుండా పక్కపక్కనే కూర్చుని ఒకే చాక్లెట్ ఒకేసారి తింటే, పక్కమనిషి వేరే పనిలో ఉండగా తిన్నప్పటికంటే అది ఎక్కువ రుచిగా అనిపించింది. అదే చేదు చాక్లెట్ అయితే ఇంకా తక్కువగా నచ్చింది. పక్కమనిషితో కలిసి అనుభవించడం ఉన్నదాన్నే పెంచుతుంది, మంచైనా చెడైనా.

సినిమాల్లో దీన్ని నేను ఎన్నోసార్లు చూశాను. హాస్యం కలిసి చూసినప్పుడు రెట్టింపవుతుంది. ఒంటరిగా చూస్తే పెదవి కదిలే చోట ఆరుగురు ఉంటే పొట్ట పట్టుకుంటారు. పాటలున్న సినిమా కలిసే చూడాలి. మాటలు తక్కువగా, నిదానంగా నడిచే సినిమా మాత్రం గుంపులో చూస్తే విసుగు కూడా రెట్టింపవుతుంది. ఒకరు కదిలితే అందరూ కదులుతారు. అలాంటి సినిమా మీకు ప్రాణమే కావచ్చు. దాన్ని ఒంటరిగా చూసుకోండి, లేదా అదే ప్రాణమైన ఇంకొక్కరితో చూడండి. సెలవుల గుంపు ముందుకు తెచ్చి దాన్ని దోషిలా నిలబెట్టకండి.

ఇదే కారణంగా మొదటి రాత్రికి తేలికైన సినిమా పెట్టుకోండి. చాలా రోజుల తర్వాత కలిసిన మనుషులు మొదటి రాత్రి సినిమా చూడరు, ఒకరినొకరు చూసుకుంటారు. మధ్యలో పది నిమిషాలు వదిలేసినా ఇబ్బంది లేని సినిమా కావాలి. బరువైనది రెండో రాత్రికో మూడో రాత్రికో. చివరి రాత్రికి మాత్రం ఏడిపించేది వద్దు. పొద్దున్నే బయలుదేరేవాళ్ళు ఉంటారు, సర్దుకోవాల్సిన సామాను ఉంటుంది, ఆ తర్వాతి గంట దొరకదు.

ఎంచుకునేది ఒక్కరే

ఓటింగ్ పెట్టకండి. ఓటింగ్‌లో ఎవరికీ అభ్యంతరం లేని సినిమా గెలుస్తుంది, ఎవరికో ఒకరికి ప్రాణమైన సినిమా ఓడిపోతుంది. మేం మొదట్లో ఓటింగే పెట్టేవాళ్ళం. మూడేళ్ళపాటు అటూ ఇటూ కాని సినిమాలే చూశాం. తర్వాత వంతులు పెట్టుకున్నాం. ఈ రాత్రి నీది, రేపు ఆమెది. వంతు ఉన్న మనిషి సినిమాను ఎంచుకోవడమే కాదు, మొదలయ్యే ముందు రెండే రెండు నిమిషాలు చెప్పాలి: ఈ సినిమా మొదట ఎప్పుడు, ఎవరితో చూశాను, ఇప్పుడు ఎందుకు మళ్ళీ చూడాలనుంది.

ఈ రెండు నిమిషాలు ఎందుకు పెట్టామో చెప్పాలి. మా వాళ్ళలో ఒకతను తనకు ఎంతో ఇష్టమైన ఒక పాత సినిమా తెచ్చాడు. అందులో ఒక చావు దృశ్యం ఉంది. ఆనాటి పద్ధతిలో నటన కాస్త ఎక్కువగా, సంగీతం ఇంకా ఎక్కువగా ఉంటుంది. మాలో ఒకరు నవ్వారు. నవ్వు అంటుకుంటుంది కదా, అందరం నవ్వేశాం. అతనూ నవ్వినట్టే ఉన్నాడు. మర్నాడు తెలిసింది, అది వాళ్ళ నాన్నగారితో కలిసి చూసిన చివరి సినిమా అని. మాకు తెలియదు, అతను చెప్పలేదు. తప్పు ఎవరిదీ కాకపోయినా ఆ ఏడాది మిగిలిన రెండు రోజులూ అతను ముభావంగానే ఉన్నాడు. మర్నాడు ఉదయం నేను వెళ్ళి క్షమాపణ అడిగాను, నవ్విన మొదటి మనిషిని నేనే కాబట్టి. ఆ తర్వాతి ఏడాది నుంచి ఈ రెండు నిమిషాల మాట మొదలైంది. ఒక సినిమా ఒకరికి ఏమిటో తెలిశాక ఆ సినిమాను ఎవరూ ఎగతాళి చేయలేరు. నచ్చకపోవచ్చు, అది వేరే సంగతి.

మాట్లాడాలా, నోరు మూసుకోవాలా

దెబ్బలాటలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. డైలాగు పాత్రకంటే ముందే చెప్పేవాడు ఒకడు ప్రతి గుంపులోనూ ఉంటాడు. అది భరించలేనివాళ్ళూ ఉంటారు. ఇద్దరిదీ ప్రేమే. మేం చేసే పని ఏమిటంటే, వంతు ఉన్న మనిషి ముందే ప్రకటిస్తారు: ఇది మాటల సినిమానా, మౌనం సినిమానా అని. మాటల సినిమా అయితే పాడుకోండి, డైలాగులు చెప్పుకోండి, పాత సంగతులు తవ్వుకోండి, అడ్డు లేదు. మౌనం సినిమా అయితే విరామం వరకు నోరు మెదపకూడదు. ముందే తెలిస్తే ఎవరికీ కష్టంగా ఉండదు. మధ్యలో "ష్" అనిపించుకోవడమే మనసును గుచ్చుతుంది.

ఫోన్ల గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. ఫోన్లన్నీ ఒక బుట్టలో పడేయించే పద్ధతి నాకు నచ్చదు. పెద్దవాళ్ళను పిల్లల్లా చూసినట్టు ఉంటుంది, పైగా ఇంట్లో పెద్దవాళ్ళో చిన్నపిల్లలో ఉన్నవాళ్ళకు ఫోన్ దగ్గర లేకపోతే మనసు నిలవదు. నేను గమనించినదేమిటంటే, పాత సినిమా చూస్తూ ఫోన్ తీసేవాళ్ళలో సగం మంది విసుగుతో తీయరు. "ఈ నటుడు ఇంకే సినిమాలో ఉన్నాడు", "ఈ పాట రాసింది ఎవరు" అని వెతకడానికి తీస్తారు. తీశాక అక్కడ ఇంకేదో కనబడుతుంది, ఇక తిరిగి రారు. అందుకే మధ్యలో ఒక కాగితం, పెన్ను పెట్టండి. ఏ సందేహం వచ్చినా చీకట్లోనే గీకిపడేయడం, విరామంలో అందరూ కలిసి వెతకడం. ఇంత చిన్న ఏర్పాటుతో మా దగ్గర ఫోన్ల గొడవ చాలావరకు తగ్గిపోయింది.

విరామం ఇవ్వండి. పాత సినిమాలు నిడివిలో పెద్దవి. 'మాయాబజార్' మూడు గంటల పైమాటే. కురొసావా 'సెవెన్ సమురాయ్' (1954) 207 నిమిషాలు, దాని మధ్యలో దర్శకుడే విరామం పెట్టాడు. ఆ సినిమాలను మధ్యలో లేచి కాళ్ళు చాచుకునే ప్రేక్షకుల కోసమే కట్టారు. విరామానికి ముందు ఒక మలుపు, తర్వాత మళ్ళీ ఎత్తుగడ ఉంటాయి. ఇంట్లో ఏకబిగిన చూసేస్తే ఆ కట్టుబడి తెలియదు. ఇరవై నిమిషాలు దీపాలు వేయండి. సాయంత్రం ఆరున్నరకు మొదలుపెడితే పదింటికి పూర్తవుతుంది, మాట్లాడుకోవడానికి గంట మిగులుతుంది. తొమ్మిదింటికి మొదలుపెట్టి "పడుకునే ముందు చూద్దాం" అంటే పడుకోవడమే జరుగుతుంది.

టీవీ సంగతి ముందురోజే చూసుకోండి

ఇది కాస్త వివరంగా చెప్తాను. "పాత సినిమా ఇప్పుడు చూడలేకపోతున్నాం" అనేవాళ్ళ ఇళ్ళకు నేను వెళ్ళి చూసినప్పుడు చాలాసార్లు దోషం సినిమాలో కాదు, టీవీలో ఉంది.

మొదటిది బొమ్మ ఆకారం. 1953లో సినిమాస్కోప్ అనే వెడల్పు తెర పద్ధతి వచ్చేవరకు సినిమాలన్నీ దాదాపు చదరంగానే ఉండేవి, ఎత్తు 1 అనుకుంటే వెడల్పు 1.37. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. అంటే అంతకు ముందు తీసిన మన సినిమాలు వెడల్పు తెర కోసం తీసినవి కావు. వాటిని ఇప్పటి టీవీలో పెడితే రెండు పక్కలా నల్లటి పట్టీలు రావాలి. రాలేదంటే రెండే కారణాలు: బొమ్మను పక్కలకు సాగదీశారు, లేదా పైనా కిందా కోసేశారు. సాగదీస్తే అందరూ పొట్టిగా లావుగా కనబడతారు. కోసేస్తే నాట్యంలో పాదాలు పోతాయి, దగ్గరి చిత్రంలో నుదుళ్ళు పోతాయి. రిమోట్‌లో బొమ్మ సైజు అమరికకు వెళ్ళి అసలు నిష్పత్తి పెట్టండి. నల్ల పట్టీలు చూసి "స్క్రీన్ వృథా అవుతోంది" అనేవాళ్ళు ఒకరు తప్పకుండా ఉంటారు. వాళ్ళకు ఒక నాట్యం రెండు రకాలుగానూ వేసి చూపించండి, మళ్ళీ అనరు.

రెండోది మరీ ముఖ్యం. సినిమాను సెకనుకు 24 బొమ్మల చొప్పున తీస్తారు. ఇప్పటి టీవీలు వాటి మధ్య లేని బొమ్మలను సొంతంగా తయారుచేసి ఇరికించి కదలికను నున్నగా చేస్తాయి. ఆటలకు బాగానే ఉంటుంది గానీ సినిమాకు పెడితే అంతా రోజువారీ సీరియల్ షూటింగ్‌లా కనబడుతుంది. పాత సినిమాలో ఆ కలలాంటి గుణం ఎగిరిపోతుంది. "ఏదో తేడాగా ఉంది, చవకగా ఉంది" అంటారు, ఏమిటో చెప్పలేరు. దాన్ని ఆపేయండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టింది కాబట్టి పిక్చర్ సెట్టింగుల్లో మోషన్ అన్న మాట ఉన్నవన్నీ చూడండి. ఈ నాలుగైదేళ్ళలో వచ్చిన చాలా టీవీల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఉంటుంది. అది నొక్కితే ఇదీ, పై సమస్యా చాలావరకు ఒకేసారి తీరతాయి. కాస్త మసకగా, పసుపుగా అనిపిస్తుంది. గదిలో దీపాలు తగ్గించి పది నిమిషాలు ఓపిక పట్టండి, కళ్ళు అలవాటు పడతాయి.

మూడోది శబ్దం. పాత సినిమాల్లో ఎక్కువభాగం మోనో, అంటే ఒకే చోటు నుంచి వచ్చే శబ్దం. దాన్ని సౌండ్‌బార్ చుట్టూ తిప్పి సరౌండ్ చేయబోతే మాటలు నీళ్ళలో మునిగినట్టు వినబడతాయి. మామూలు స్టీరియోకి మార్చండి. మాటలను పైకి తెచ్చే అమరిక ఉంటే అది పెట్టండి.

ఇంకా ఒకటి, మీ దగ్గర పాత డిస్కులు ఉంటే. మన దేశంలో, ఐరోపాలో వాడిన టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. 24 బొమ్మల సినిమాను ఆ డిస్కుల మీద చాలాసార్లు కాస్త వేగం పెంచి ఎక్కించేవారు. వంద నిమిషాల సినిమా 96 నిమిషాల్లో అయిపోతుంది, పాటల శ్రుతి కూడా కొద్దిగా పెరుగుతుంది. చెవి ఉన్న స్నేహితుడు "ఈ పాట నేను విన్నది ఇలా లేదే" అంటే అతని మాట నమ్మండి.

ఓటీటీలో చూడబోతుంటే సినిమా ఇంకా అక్కడ ఉందో లేదో రెండు రోజుల ముందు చూసుకోండి, హక్కులు మారుతుంటాయి. ఏ ప్రతి ఉందో కూడా చూడండి. 'మాయాబజార్'కు 2010లో విడుదలైన రంగుల ప్రతి కూడా ఉంది. పిల్లలతో చూస్తే అది బాగానే ఉంటుంది. మీరు మొదట చూసింది నలుపు తెలుపుల్లో అయితే మాత్రం అదే పెట్టుకోండి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ ఆ సినిమాలోని వెన్నెలను నలుపు తెలుపుల కోసమే వెలిగించాడు. ఏ సినిమానైనా మొదట, మధ్య, చివర మూడు చోట్ల మూడేసి నిమిషాలు వేసి చూసుకుంటే సరి.

సబ్‌టైటిల్స్ వేయండి, మన భాష సినిమాకైనా సరే

దీని వెనక ఒక సంగతి ఉంది. మా వాళ్ళలో ఒకడు అందరికంటే గట్టిగా నవ్వేవాడు. ఒక ఏడాది గమనించాను, అతని నవ్వు ఒక క్షణం ఆలస్యంగా వస్తోంది. తెర మీద మాట పడుతుంది, మేం నవ్వుతాం, అతను మా ముఖాల వైపు తిరిగి చూసి అప్పుడు నవ్వుతాడు. చిన్న గొంతుతో మాట్లాడే దృశ్యాల్లో అసలు తెర వైపు చూడనే చూడడు, చేతిలో గ్లాసును గుండ్రంగా తిప్పుతూ కూర్చుంటాడు. రెండేళ్ళుగా చెవి సరిగా వినబడటం లేదట. చెప్పుకోలేదు. కంఠతా వచ్చిన సినిమాలు కాబట్టి నెట్టుకొచ్చేశాడు. ఎవరితోనూ ఏమీ అనకుండా మర్నాటి సినిమాకు సబ్‌టైటిల్స్ వేశాను. "నాకు ఈమధ్య కళ్ళకు అక్షరాలు కనబడుతుంటే బాగుంటోంది" అని మాత్రం అన్నాను. ఆ రాత్రి అతను మాతో పాటే నవ్వాడు. మరుసటి ఏడాది తనే చెప్పాడు, చెవికి యంత్రం పెట్టించుకున్నానని. మీ వయసు ఎంతో నాకు తెలియదు గానీ, నలభై దాటిన గుంపు అయితే మొదటి రోజు నుంచే వేసేయండి, ఎవరినీ అడగకుండా.

సినిమా ఇప్పుడు నొప్పించేలా ఉంటే

ఇది ఖాయంగా వస్తుంది. మనం ప్రాణంగా చూసిన సినిమాల్లో నాయకుడు నాయిక చెంప పగలగొట్టి అది ప్రేమ అనే దృశ్యాలున్నాయి. ఒక మనిషి రంగునో లావునో నత్తినో చూసి నవ్వే హాస్యముంది. ఒకసారి మా స్నేహితురాలి కూతురు, పదహారేళ్ళ పిల్ల, మాతో కూర్చుంది. చెంపదెబ్బ పడగానే "ఇది మీకు అప్పుడు నవ్వొచ్చిందా?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఒకరు ఆ దృశ్యాన్ని ముందుకు జరపబోయారు, వద్దన్నాను. విరామంలో ఆ పిల్లకు జవాబు చెప్పాం. అవును, నవ్వాం. ఎందుకు నవ్వామో, ఎప్పుడు మానేశామో ఒక్కొక్కరం చెప్పుకొచ్చాం. మాలో ఇద్దరు ఆడవాళ్ళు అప్పుడు కూడా తాము నవ్వలేదని, నవ్వినట్టు ఉన్నామని ఆ రోజు మొదటిసారి చెప్పారు. ముప్పై ఏళ్ళ స్నేహంలో మాకు అది తెలియదు.

దృశ్యాలు దాటేయకండి, అలాగని సినిమా నడుస్తుండగా తీర్పులూ చెప్పకండి. ఆ తర్వాతి గంట ఉన్నది ఇందుకే. ఒకవేళ ఆ సినిమా మీలో ఎవరినైనా మరీ బాధపెట్టేలా ఉంటే, అది ముందే తెలిస్తే, ఆ సినిమా మానేయండి. స్నేహితుడి కంటే సినిమా ఎక్కువ కాదు.

కొత్తగా చూసేవాళ్ళు. భార్యలో భర్తలో, ఆ సినిమా ఎప్పుడూ చూడనివాళ్ళు మధ్యలో ఉంటే ఒక్క మాట: ప్రతి మంచి దృశ్యానికీ వాళ్ళ ముఖంలోకి తిరిగి చూడకండి. నచ్చి తీరాలన్న బరువు వాళ్ళ మీద పడుతుంది. వాళ్ళను పక్కన కాకుండా మీకు ముందు వరుసలో కూర్చోబెడితే ఈ ఇబ్బంది దానంతట అదే తగ్గుతుంది.

"మేం మారిపోయామా" అన్నారు కదా, దానికి ఇప్పుడు జవాబు చెప్తాను. ఫ్రాంక్ కాప్రా తీసిన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' 1946లో వచ్చినప్పుడు పెట్టిన డబ్బు కూడా రాబట్టలేదు. 1974లో దాని కాపీరైట్‌ను ఎవరూ పునరుద్ధరించలేదు. దాంతో అమెరికా టీవీ స్టేషన్లు ఏటా డిసెంబరు సెలవుల్లో దాన్ని పదే పదే వేశాయి. ఇళ్ళల్లో జనం కలిసి మళ్ళీ మళ్ళీ చూసి దాన్ని క్లాసిక్ చేశారు. సినిమాలో ఒక్క ఫ్రేము మారలేదు. చూసే మనుషులు ఏడాదికేడాది వేరే మనుషులై వచ్చారు. క్రిస్టెల్ రసెల్, సిడ్నీ లెవీ అనే పరిశోధకులు 2012లో, ఒకే సినిమాను ఒకే పుస్తకాన్ని మళ్ళీ మళ్ళీ ఆశ్రయించే మనుషులతో మాట్లాడి ఒక వ్యాసం రాశారు. వాళ్ళకు తెలిసిందీ ఇలాంటిదే: మళ్ళీ చూసేవాళ్ళు కథ కోసమే రారు, అప్పటికీ ఇప్పటికీ తమలో ఏం మారిందో కొలుచుకోవడానికి కూడా వస్తారు.

మారిపోవడం తప్పనిసరి. దానికి భయపడనక్కర్లేదు. అది కనబడేలా ఒక చిన్న పని చేసుకోండి. ఒక నోట్‌బుక్ పెట్టండి. సినిమా అయ్యాక, మాటలు మొదలవకముందే, ఒక్కొక్కరూ ఒక్క వాక్యం రాయాలి: ఈసారి నాకు మిగిలిన దృశ్యం ఏది. మార్కులు వద్దు, విమర్శ వద్దు. తేదీ, పేరు, ఒక్క దృశ్యం.

మా నోట్‌బుక్‌లో ఒక సినిమా నాలుగుసార్లు ఉంది, పందొమ్మిదేళ్ళలో. అందులో ఒక ఆడపిల్ల పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళిపోయే ఘట్టం ఉంటుంది. మా స్నేహితురాలు మొదటిసారి రాసింది, "బండి ఎక్కుతూ వెనక్కి తిరిగి చూసిన చూపు" అని. ఆరేళ్ళ తర్వాత, "పక్కింటి గుమ్మంలో నిలబడ్డ స్నేహితురాలు" అని. ఇంకో అయిదేళ్ళకు, "అమ్మ లోపలికి వెళ్ళి పొయ్యి ముందు కూర్చోవడం". రెండేళ్ళ కిందట తన కూతురి పెళ్ళి చేసింది. పోయిన సెలవుల్లో ఆ సినిమా మళ్ళీ పెట్టుకున్నాం. ఆమె పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని రాసింది: "బండి వెళ్ళిపోయాక నాన్న గేటు వేయకుండా నిలబడతాడు. ఇది ఇంతకుముందు ఉందా?"

ఉంది. వెనక్కి జరిపి అందరం మళ్ళీ చూశాం. బండి మలుపు తిరిగాక ఆయన చెయ్యి గేటు మీదే ఉంటుంది, మూయడు. నాలుగు సెకన్లు ఉంటుందేమో ఆ బొమ్మ.

మీ నాలుగు రాత్రులకు ఏ సినిమాలు అనుకుంటున్నారో, ఎవరి వంతు ఏ రోజో, ఏ టీవీయో రాయండి. వరుస ఎలా పెట్టుకోవాలో, సెట్టింగులు ఏం మార్చాలో చూసి చెప్తాను.